వేగువారి చిహ్నము



నేను కాపురముండు తెల్లాపురమున ఉదయమైనంతనే యువకులు మెడలలో గుర్తింపుచీటీలు వ్రేలాడవైచుకొని కార్యాలయములకు బోవుచుందురు. గూఢచారులకును ఇట్టి గుర్తులుండునా యని వారిలో నొకడు మొన్న నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగము.

మన పెద్దలు రాజును చారచక్షువనిరి. తన కన్నులకందని దానిని వేగువారి కన్నులతో జూచువాడని భావము. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతి జెప్పుచు వేగువాని లక్షణములను గూడ నిరూపించెను. అతడు పెక్కు భాషలెఱిగియుండవలెను. తక్కిన వేగువారికి దెలియనివాడు కావలెను. గుర్తింపదగిన చిహ్నమేదియు మేన నుండరాదు. ఆశించినదానికంటె మిక్కిలిగా ధనమీయవలెను. ఇందు ప్రతి మాటకును కారణము కలదు. ఒకరినొకరెఱుగనివారు కూడబలుకుకొని యబద్ధమాడలేరు. లేమిగలవాని చూపు పగవాని సంచివంకకు బోవును.

కావున వేగువానికి చిహ్నము కూడదు. అయినను వచ్చిన వార్తలను బోల్చి, నిజము నిగ్గుదేల్చి, సేనానికి నివేదించు దళములు ఇటీవలి సేనలలో వేఱుగ నేర్పడినవి. ఆ దళములవారు బాహాటముగ సైనికవేషము దాల్చువారగుటచే వారికి చిహ్నములును గలిగినవి. బ్రిటిషు సేనలో 1940 జూలై 19వ తేదీన నేర్పడిన దళమునకు చిహ్నము గులాబి. దాని కిరుప్రక్కల లారెల్ కొమ్మలు, పైన కిరీటము. జ్ఞానము బాహువునకు బలమిచ్చునని లాటిను భాషలో వారి సూక్తి. అమెరికావారు 1962లో స్వీకరించిన చిహ్నమున సూర్యుడు, గులాబి, బాకు గలవు. సూర్యుడు సర్వమును జూచువాడు. మనకును కర్మసాక్షి గదా! గులాబి పాశ్చాత్యులకు రహస్యమునకు గుర్తు. సగము దాగిన బాకు ఆ వృత్తిలోని యపాయమును దెలుపును.

చూపు, గుట్టు, తెగువ - మూడును వచ్చినవి. నాలుగవదాని మాట మాకు అనతిదూరముననున్న గోలకొండ చెప్పును. అచట క్రింది ద్వారముకడ చప్పట్లు చఱచినచో కొండమీది బాలాహిస్సారున వినబడును. అంతటి కోటను 1687లో ఔరంగజేబు సేనలు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించినవి. ఫిరంగులు ఫలింపలేదు, మందుపాతరలు ఫలింపలేదు, లంచము ఫలించినది. సెప్టెంబరు మాసమున నొకరాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ యను సరదారు లోపలినుండి తలుపు దెఱచెను. అబ్దుర్ రజాక్ లారీకిని మొగలాయీల యాశలు వచ్చినవే. అతడు ఆ ఫర్మానాను తన సైనికులయెదుట జించివైచి, ఆ రాత్రి ఒడలెల్ల గాయములగువఱకు బోరాడెను. ఆతని విశ్వాసమును మెచ్చి ఔరంగజేబే వైద్యులను బంపెనని చరిత్రకారులు వ్రాసిరి. తానాషా దౌలతాబాదు కోటలో బందీ యయ్యెను. చప్పట్లను వినగలిగిన కోట గుసగుసను వినలేకపోయెను.

ఆ నాలుగవది విశ్వాసము. దానిని లోహమున బోతపోయుట యే శిల్పికిని సాధ్యము కాదు. అందుచేత ఆ యువకునితో నేనిట్లంటిని: "నాయనా! నీ మెడలోని చీటి తలుపు దెఱచును. ఆ తలుపు నెవరికొఱకు దెఱవవలెనో, ఎవరికి మూయవలెనో, అది మాత్రము చీటిపై వ్రాసియుండదు."