సదర్లండునకు ప్రతినిధి యెవరు?



పార్లమెంటులకు తల్లి యని పేరొందిన బ్రిటిషు పార్లమెంటును గూర్చి మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ తల్లి తన బిడ్డలలో కొందఱినెట్లు చూచెనో తెలియుటకు స్కాట్లండు ఉత్తరపు కొసనున్న సదర్లండు కౌంటీ చరిత్ర చాలును. కౌంటీ యనగా మన జిల్లావంటిది. నేడు మేము దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఆ కాలపు టెన్నికల రీతిని తెలుపు నొక ముచ్చట. బ్యూటు అను దీవుల కౌంటీలో జనసంఖ్య 14 వేలు. వోటర్లు 21 మంది. వారిలో నక్కడ కాపురమున్నవాడొక్కడే. ఒకమాఱు ఎన్నికల సభకు షెరీఫును, ఎన్నిక జరుపు నధికారియు గాక వచ్చినవాడా యొక్కడే. అతడే యధ్యక్షపీఠ మెక్కెను. వోటర్ల పట్టీ చదివెను. తన పేరునకు తానే పలికెను. తన్ను తానే ప్రతిపాదించి, తానే బలపఱచి, వోటునకు పెట్టి, ఏకగ్రీవముగ నెన్నికయ్యెను. ఇది మేము కల్పించినది కాదు. 1831లో స్కాట్లండు లార్డు అడ్వొకేటుగా నుండిన ఫ్రాన్సిస్ జెఫ్రీ కామన్సు సభలో చెప్పినది.

వినిన నవ్వు వచ్చును. కాని యీ విడ్డూరమునకు మూలము వోటుహక్కు నిర్మాణములోనే యుండెను. 1707లో ఇంగ్లండుతో నేకమైనప్పుడు స్కాట్లండునకు 45 స్థానములు దక్కెను. వానిలో 30 కౌంటీలవి. కౌంటీలు 33. కావున నాఱు చిన్న కౌంటీలు జంటలై, వంతులవారిగా ప్రతినిధిని పంపుచుండెను. బ్యూటు వంతు వచ్చినపుడు కెయిత్‌నెస్సునకు ప్రతినిధి లేడు. వోటు దున్నువానిది కాదు. దస్తావేజులలో భూమి మీద పై హక్కు గలవానిది. గొప్ప ప్రభువులా హక్కును కాగితముల మీద ముక్కలు చేసి, తమ వకీళ్లకును ఆశ్రితులకును పంచి, వోట్లను పుట్టించుచుండిరి. 1832 నాటి సంస్కరణమునకు ముందు స్కాట్లండు మొత్తము మీద వోటర్లు సుమారు 4,500 మంది. జనసంఖ్య 23 లక్షలకు పైమాట!

ఇక సదర్లండు సంగతి. ఇచ్చట నవ్వుటకేమియు లేదు. 1785లో సదర్లండు ప్రభుకుటుంబపు వారసురాలు ఎలిజబెత్తును ఇంగ్లండులోని మహాధనిక కుటుంబపు వారసుడు వివాహమాడెను. 1833లో నాతడు సదర్లండు డ్యూకు బిరుదు నందెను. 1870ల నాటి ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆ కౌంటీలో డ్యూకు భూమి 11 లక్షల యెకరములకు పైగా నుండెను. కౌంటీ యంతయు నించుమించుగా నొకని సొత్తే.

గొఱ్ఱెల వలన వచ్చు శిస్తు మనుష్యుల వలన వచ్చు శిస్తుకంటె హెచ్చని యెస్టేటు వారు కనుగొనిరి. దానితో 1807 మొదలు 1821 వఱకు కిల్డోనను, స్ట్రాత్‌నేవరు మొదలగు లోయలనుండి వేలకొలది కుటీరవాసులను వెడలగొట్టి, సముద్రపుటొడ్డున రాళ్లనేలల మీదికి తఱిమిరి. 1814లో స్ట్రాత్‌నేవరులో ఇండ్లు తగులబెట్టించెనని ఎస్టేటు నుద్యోగి పాట్రిక్ సెల్లరుపై అభియోగము వచ్చెను. 1816లో ఇన్వర్నెస్సులో విచారణ జరిగి యాతడు నిర్దోషిగా విడువబడెను. అతడే యా ప్రాంతమున గొఱ్ఱెల కౌలుదారు కూడ.

ఈ లోయల మొఱ పార్లమెంటులో వినిపించుట కెవరుండిరి? ఎస్టేటు దివానని చెప్పదగిన జేమ్స్ లాకు 1830 నుండి 1852 వఱకు ఆ ప్రాంతపు చిన్న పట్టణముల కూటమికి కామన్సు సభ్యుడు. కౌంటీ స్థానమును జూడుడు: 1852 నుండి 1861 వఱకు డ్యూకు పెద్దకుమారుడు, 1867 నుండి 1874 వఱకు వాని తమ్ముడు లార్డు రోనాల్డు గవరు, 1874 నుండి 1886 వఱకు ఆ పెద్దకుమారుని కుమారుడు. అన్న, తమ్ముడు, అన్న కొడుకు! కంచెయే చేను మేయుచుండ, చేని పక్షమున మాటాడుటకును కంచెయే సభకు వెళ్లెను. ఇదంతయు సంస్కరణము తరువాతి సంగతియే. 1832లోను 1868లోను వోటు విస్తరించెను గాని, స్వల్పపు కౌలు చెల్లించు క్రాఫ్టరుల గడప దాటి లోపలికి రాలేదు. క్రాఫ్టరనగా చిన్నకమతపు రైతు.

కదలిక సభలో గాక కొండలలో పుట్టెను. 1882లో స్కై దీవిలోని బ్రేసు గ్రామస్థులు పోలీసుల నెదిర్చిరి. 1883లో ప్రభుత్వము విచారణ సంఘము నొకదానిని నియమించెను. దాని యధ్యక్షుడు మనవారికి తెలియని వాడు కాడు. 1866 నుండి 1872 వఱకు చెన్నపురి గవర్నరుగా నుండి, తెలుగు జిల్లాలను సైతము పాలించిన లార్డు నేపియరే యాతడు. సాక్ష్యమిచ్చినచో తన్ను భూమినుండి తొలగింపరని ముందు మాట యిమ్మని బ్రేసు సాక్షి యొకడు కోరెను. ఆ యొక్క కోరికలో నాటి రైతుల బ్రతుకెల్ల నున్నది.

1884 చట్టముతో గ్రామీణ గృహస్థులకు వోటు వచ్చెను. 1872 నుండియే వోటు రహస్యము. 1885 ఎన్నికలలో ఆర్గైలు, ఇన్వర్నెస్సు, రాసు-క్రోమార్టీ, కెయిత్‌నెస్సు కౌంటీలలో క్రాఫ్టరుల పక్షము నెగ్గెను. ప్రభువుకంటె ప్రజ బలవంతమనునది వారి యుద్యమపు నినాదము. 1886 జూనులో గ్లాడ్‌స్టను ప్రభుత్వమున క్రాఫ్టరుల చట్టము వచ్చెను. దానివలన సాగుబడిహక్కు స్థిరమయ్యెను. శిస్తును న్యాయముగ నిర్ణయించుటకు కమీషనేర్పడెను. రైతు చేసికొన్న బాగుబాట్లకు పరిహారము దక్కెను. కాని నేపియరు సంఘము సూచించిన గ్రామ సమష్టి యేర్పాటు చట్టమున చేరలేదు.

సదర్లండున మాత్రము 1885లో డ్యూకు కుమారుడే నెగ్గెను. తరతరముల భయమొక్క చట్టముతో పోదు. మఱుసటి యేడు, 1886 జూలైలో, హెల్మ్స్‌డేలులో జన్మించిన ఉపాధ్యాయుడు ఆంగస్ సదర్లండు ఆ స్థానమును గెల్చెను. పూర్వులు కిల్డోననునుండి వెడలగొట్టబడిన కుటుంబమువాడు, వెడలగొట్టినవారి కుటుంబము కూర్చున్న పీఠమున కూర్చుండెను!

అయినను సంతోషమునకు హద్దుండవలెను. ఆ చట్టము భూమిమీద నున్నవారిని నిలిపినదే గాని, పోయినవారిని తిరిగి తేలేదు. కెనడా చేరినవారు మరలి రాలేదు. లోయలు గొఱ్ఱెలకే మిగిలెను. చేతులు కాలిన డెబ్బదియేండ్లకు ఆకులు దొరకెను. అంతటితోనైన జాగ్రత్తపడిరా? 1900లో ఆ స్థానము మరల డ్యూకు వంశీయునకే పోయి, 1906 వఱకు వానియందే యుండెను.

కావున మేము మనవి చేయునది యిది. పార్లమెంటులో స్థానముండుట ప్రతినిధిత్వము కాదు. సదర్లండునకు 1707 నుండియు స్థానముండెను. ఇండ్లు కాలిన నాడును ఉండెను. భూమియు, ఉద్యోగమును, వోటును ఒక్క చేతిలో నున్నంత కాలము సభ్యుడెకరములకు ప్రతినిధి గాని మనుష్యులకు గాడు. భయము లేక వేయు వోటు వచ్చిన తరువాతనే యాతడు మనుష్యుల మాట వినును. అదియు వారు మెలకువగా నున్నంతవఱకే.

1993లో ఆ కౌంటీలోని యాసింటు క్రాఫ్టరులు చందాలు పోగుచేసి, తామున్న 21 వేల యెకరముల యెస్టేటును తామే కొనిరి. వెడలగొట్టినవాని వంశమేలిన కౌంటీలో రైతు తన భూమికి తానే యధిపతి యగుటకు ఇంచుమించు రెండు శతాబ్దములు పట్టెను. వోటు చేతికి వచ్చిన పిదప దానిని నిద్రపుచ్చిన జాతి యెంత యాలస్యమునకు మూల్యము చెల్లింపవలెనో, ఈ లెక్క చూచి మన మెఱుగుదుము గాక!