ఈమనివారి వీణ



నాది శ్రీకాకుళము జిల్లాలోని కోటబొమ్మాళి. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొంటిని. వ్యాకరణమును కావ్యములను గురుముఖమున చదువుకొన్నవాడనే గాని సంగీతము నా వృత్తి గాదు. అయినను నేడొక వైణికుని గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను. నేనొకప్పుడు చేసిన తప్పే ఇందులకు కారణము. ఆ కథ తరువాత మనవి చేసెదను.

కొత్తమ్మతల్లి ఉత్సవములకు విశాఖపట్టణమునుండి మా మనుమడు వచ్చినాడు. వానికి గిటారన్న ప్రాణము. అందును మెటల్ అను నొక ఘోర సంగీతమునందు మక్కువ. మెగాడెత్ అను అమెరికా బృందమువారు 1990లో వెలువరించిన పాటలను వాడు వినుచుండగా, ఇంటి పెంకులెగిరిపోవునేమో యని భయపడి నేను లేచి వీధి యరుగుమీదికి పోబోయితిని. వాడు చేయి పట్టుకొని, "తాతా, ఆ మోతనొదిలెయ్. మధ్యలో ఒంటరిగా వచ్చే గిటారు ఒక్కటీ విను. మార్టీ ఫ్రీడ్‌మన్ అని, తీగని ఎలా లాగుతాడో చూడు. ఈయన్ని తలుచుకోవలసినంతగా ఎవరూ తలుచుకోరు" అని బ్రతిమాలినాడు.

కూర్చుండి వింటిని. తీగ తిన్నగా స్వరముమీద వాలక, క్రిందినుండి ప్రాకుచు, చేరవలసిన చోటికి ఒకింత ఆలస్యముగా చేరుచున్నది. ఈ నడక నేనెఱిగినదే యని తోచినది. ఎక్కడ వింటినా యని తలపోయగా, నా చిన్ననాట మా పొరుగింటి రేడియోలో వినిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ జ్ఞప్తికి వచ్చినది.

శాస్త్రిగారు 1922లో ద్రాక్షారామమున జన్మించిరి. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు వైణికులు, ఆయనయే గురువు. మదరాసున జెమినీ వారి చిత్రశాలలో కొంతకాలము పనిచేసి, పిదప ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో వాద్యబృందమును నడపిరి. 1974లో పద్మశ్రీ వచ్చినది. 1987లో పరమపదించిరి. ఇన్ని గౌరవములు పొందినవారిని గూర్చి లోకము మఱచినదనుట ఎట్లని మీరడుగవచ్చును. మా ప్రాంతమున పదిమందిని వీణ యనగా ఎవరని యడిగి చూడుడు. చిట్టిబాబుగారని బదులు వచ్చును. వచ్చుట న్యాయమే. అయితే ఆ చిట్టిబాబుగారికి గురువెవరని యడిగినచో తలలు గోకికొందురు. శిష్యునిచే మించబడుట గురువునకు కీర్తియే యని పెద్దలందురు. శిష్యుని విని గురువును వినకుండుట మాత్రము మన లోపమే.

వారి గొప్పతనము తెలియవలెనన్న ముందుగా వీణయొక్క బాధ తెలియవలెను. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో పనసమ్రానుతో వీణలు చేయువారి ముంగిట నేను చాలసేపు కూర్చుండి చూచినాను. ఒకే దుంగను తొలిచి చేసిన వీణను ఏకాండి యందురు. దండిమీద మైనము పోసి, దానియందు 24 లోహపు మెట్లు నిలుపుదురు. వాయించుటకు నాలుగు తీగలు, తాళమునకు మూడు. ఇంతవఱకు అంతయు శోభయే. అయితే మీటిన తీగయొక్క నాదము పుట్టిన క్షణమునుండియే చచ్చుచుండును. ఫిడేలువానికి కమాను గలదు, లాగినంతసేపు పలుకును. గాయకునకు ఊపిరి గలదు. మా మనుమని గిటారునకు విద్యుత్తు గలదు. అది నాదమును చావనీయక మోసికొనిపోవును. వైణికునకు ఎడమచేతి వ్రేలు తప్ప వేఱు దిక్కు లేదు.

అందుచేత పెక్కుమంది వైణికులు మాటిమాటికి మీటుదురు. నాదము చల్లారకమునుపే మఱియొక మీటు. దానివలన వేగము కలుగును, సభ చప్పట్లు చఱచును, రాగము మాత్రము ముక్కలగును. శాస్త్రిగారు దీనికి ఎదురు నడచిరి. ఒకమాఱు మీటి, కుడిచేతిని ఊరకుంచి, ఆ చచ్చుచున్న నాదములోనుండియే తీగను మెట్టు పొడవునను ప్రక్కకు లాగి, మూడు నాలుగు స్వరములను పలికింతురు. తోడి రాగమున గాంధారము ఒకచోట నిలుచునది కాదు. రిషభ మధ్యమముల నడుమ ఊగుచుండును. వారి వీణపై ఆ గాంధారము మనుష్యుని కంఠములోనుండి వచ్చినట్లే వినబడును. వ్రేలు ఏ మెట్టుమీద నున్నదో చెవికి తెలియదు. దీనిని గాయక పద్ధతి యందురు. పేరు పెట్టుట సులభము. లాగిన తీగ వెండ్రుకవాసి తప్పినను అపస్వరమగును, నాదము చచ్చిన పిమ్మట లాగినను వ్యర్థమగును.

మా మనుమడు చెప్పిన సంగతి యొకటి ఇచట చెప్పదగును. స్వీడను దేశపు మాల్మ్‌స్టీన్ అను గిటారు విద్వాంసుడు మెట్ల నడుమనున్న కొయ్యను తొలిపించి, తీగను ఇష్టమువచ్చినట్లు లాగుటకు వీలు కల్పించుకొన్నాడట. మన వీణలో ఆ వీలు పుట్టుకతోనే యున్నది. ఎత్తయిన మెట్లపై తీగ కొయ్యను తాకకయే నడచును.

శాస్త్రిగారు కీర్తనలతోనే తృప్తి పడలేదు. భ్రమరవిన్యాసమను పేర తుమ్మెద రొదను వీణపైకి తెచ్చిరి. ఇచటనే నా తప్పు వచ్చును.

1986 ప్రాంతమున, నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, పాఠశాల వార్షికోత్సవమున పదునాలుగేండ్ల బాలుడొకడు వీణ పట్టి, రేడియోలో విని నేర్చిన ఆ తుమ్మెదను తనకు చేతనైనట్లు వాయించెను. తడబడెను, నిజమే. ఒకటి రెండు చోట్ల మాత్రము సభలో పిల్లలు నిజముగా తలలెత్తి తుమ్మెదను వెదకిరి. అభినందించుటకు లేచిన నేను పాండిత్యము తలకెక్కి, "నాయనా, సరస్వతి చేతి వీణను ఈగలకును తుమ్మెదలకును అప్పగించితివా?" అంటిని. సభ గొల్లున నవ్వినది. వాడును నవ్వి, వీణకు గవిసెన తొడిగి తీసికొనిపోయెను. మఱుసటియేడు వాని పేరు పట్టికలో లేదు. అడిగితిని. "మానేశానండీ మాస్టారూ" అనెను. ముఖమున కోపము లేదు. అదియే నన్నిప్పటికిని బాధించుచున్నది.

ఉద్యోగకాలమంతయు పిల్లల తప్పులు దిద్దితిని. ఆనాడు దిద్దవలసినది నా చెవిని.

మొన్న రాత్రి మనుమనికి శాస్త్రిగారి తోడి రాగాలాపన వినిపించితిని. మొదట దిండున కానుకొని వినుచుండినవాడు మెల్లగా లేచి కూర్చుండి, వ్రేళ్లు మడచి లెక్కపెట్టసాగెను. "తాతా, మీటింది ఒక్కసారే. ఐదు స్వరాలయ్యాయి. ఇంకా చావలేదు. మళ్లీ పెట్టు" అనెను. మరల పెట్టితిని. గిటారు తెచ్చుకొని, తీగ నట్లు లాగబోయి, తెంచుకొనెను. నేను నవ్వలేదు.

ఆ బాలుడిప్పుడు ఏబదియేండ్లు దాటినవాడై యుండును. ఎక్కడనున్నాడో యెఱుగను. ఈ ప్రసంగము వాని చెవిని పడినచో, ఆ వీణ ఇంకను ఇంటనున్నచో, దాని గవిసెన విప్పుమని మాస్టారు అడుగుచున్నాడు.