వీధిలో ఊరికే నిలబడటం
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై ఏళ్లుగా ప్రశ్నాపత్రాలు పట్టుకుని బస్తీల్లో తిరిగినదాన్ని. ఆ అలవాటు వదిలి కొత్తగా చూడటం నేర్చుకోవాలని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మూడు ఆదివారాలు, రోజుకు రెండు గంటలు, జూమ్ లేని చిన్న కెమెరాతో వీధి ఫోటోలు తీయాలి. దగ్గరికి వెళితేనే ఫోటో వస్తుంది.

మొదటి ఆదివారం ఒక్కటీ తీయలేకపోయాను. "ఏ పేపరు మేడమ్?", "ఎవరి కోసం చూస్తున్నారు?" అని వచ్చేపోయేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. పక్కన టీ కొట్టు దగ్గర మగవాళ్లు ఏ పనీ లేకుండా గంటసేపు నిలబడ్డారు. వాళ్లనెవరూ అడగలేదు. పని మీద వచ్చినట్టు కనబడాలని నాకు తెలియకుండానే సంచిలోంచి నోటుబుక్కు తీసి పట్టుకున్నాను. ముంబై వీధుల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో రాసిన 'వై లాయిటర్?' చెప్పేది ఇదే: స్త్రీ బయట కనబడితే అందుకొక కారణం చూపించాలి. ఆ పుస్తకాన్ని నేను క్లాసులో పాఠం చెప్పాను. నా ఒంటికి మాత్రం ఆ రోజే తెలిసింది.

ఈ సంకోచం నా ఒక్కదానిదే కాదు. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా (1913-2012) ఫోటోలు మొదట్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. షికాగోలో ఆయాగా పనిచేస్తూ లక్షకు పైగా ఫోటోలు తీసిన వివియన్ మేయర్ ఎవరో, 2009లో ఆమె చనిపోయేదాకా లోకానికి తెలియదు.

రెండో ఆదివారం కాస్త ధైర్యం వచ్చింది. ఆకుకూరలమ్మే ఒకామె కొత్తిమీర కట్టలు కడుతోంది. ఆ చేతులు నచ్చి, అడక్కుండానే ఫోటో తీశాను. ఆమె మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఫోటో తీస్కపోయి ఎవలకిస్తవమ్మా? రేపు ఆఫీసోళ్లొచ్చి నా గంప ఎత్తేస్తే నువ్వొస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. మగవాడి చూపు గురించి ఎన్నో వ్యాసాలు రాశాను. ఆమెకు నా చూపూ అలాగే ఉంది. నేను కళ అనుకున్నది ఆమె మీద సాక్ష్యంగా మారవచ్చు. ఆ ఫోటో ఆమె ముందే చెరిపేశాను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని పక్కన కూర్చుని చెప్పాను.

మూడో ఆదివారం ఆమే పిలిచింది. "ఇప్పుడు తియ్యి. గంప మొత్తం రావాలె, నా మొహం గూడ." నవ్వకుండా నేరుగా కెమెరాలోకి చూసింది. ఎదుటివాళ్లకు తెలియకుండా తీసిందే వీధి ఫోటో అనేవాళ్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. నేను దాచుకున్నది మాత్రం అదే. ఆమెకూ ఒక ప్రతి ఇచ్చాను.

మన సంస్థల నివేదికల్లో ఎందరో స్త్రీల మొహాలున్నాయి. అచ్చువేసే ముందు వాళ్లను అడిగామా? ఒక ప్రతి ఇచ్చామా? ముందు ఈ లెక్క సరిచేసుకుందాం. తర్వాత కెమెరాలు తీసుకుని ఇద్దరిద్దరుగా బజారుకు వెళదాం, కారణం చెప్పకుండా నిలబడదాం. వీధిని చూసే హక్కు మనకెంత అవసరమో, మనల్ని వద్దనే హక్కు ఆ వీధిలోని స్త్రీలకు అంతే అవసరం.