కాటా కదలని నెలలు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద అంటే ఎవరైనా డాక్టరు మాట్లాడతారని మీరు అనుకుని ఉంటారు. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు. కార్యదర్శి ఫోన్ చేసి "నువ్వు మాట్లాడరా" అంటే, "నేను ఇరిగేషన్ ఇంజనీరుని, నాకేం తెలుసు?" అన్నాను. "పద్నాలుగు నెలల్లో నాలుగున్నర కిలోలే తగ్గినా మానెయ్యనివాడివి నువ్వేగా" అన్నాడు. అది మెచ్చుకోలో ఎగతాళో ఇప్పటికీ తేలలేదు.

సంగతేమిటంటే, నిరుడు ఉగాదికి మా బ్యాచ్‌లో ముప్పై ఒక్క మంది పొద్దున నడక మొదలుపెట్టాం. రాత్రి అన్నం బదులు పుల్కాలు, కాఫీలో పంచదార బంద్, బిర్యానీ నెలకు ఒక్కసారి. మొదటి పదిహేను రోజుల్లోనే చాలామందికి రెండేసి కిలోలు తగ్గాయి. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు. రెండో నెలలో కాటా ఆగిపోయింది. శ్రావణమాసం వచ్చేసరికి నడిచేవాళ్లం తొమ్మిది మందిమి మిగిలాం. మానేసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎంత చేసినా తగ్గట్లేదురా, మన ఒళ్లే అంత." వాళ్లలో నలుగురికి షుగరు బోర్డర్లో ఉంది. షుగరు వల్ల మా నాన్నగారికి కాలి వేళ్లు రెండు తీసెయ్యడం చూసినవాణ్ణి. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

మొదట్లో పోయిన ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లే. లివర్లో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం సుమారు అరకిలో నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు అది ఖాళీ అవుతుంది. ఆ తర్వాతే అసలు కొవ్వు లెక్క. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 300 కేలరీలు తగ్గిస్తే కిలో కరగడానికి 26 రోజులు కావాలి. అంటే రోజుకు 40 గ్రాములు. ఇంట్లో కాటా మహా అయితే 100 గ్రాముల తేడా చూపిస్తుంది. పొద్దున్నే తాగే చెంబెడు నీళ్లే అరకిలో! ముందురోజు పెళ్లి భోజనంలో ఆవకాయ, పులిహోర, అప్పడాలు గట్టిగా లాగించామంటే ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, మర్నాడు కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు.

డ్యాముల మీద పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. గాలి వీస్తే జలాశయంలో అలలు లేస్తాయి. అసలు మట్టం మారకపోయినా గేజి పలక దగ్గర నీళ్లు పైకీ కిందికీ ఊగుతుంటాయి, అంకె చదవలేం. అందుకని స్టిల్లింగ్ వెల్ అని చిన్న బావిలాంటిది కడతాం. దాంట్లోకి సన్నటి గొట్టం ద్వారానే నీరు వస్తుంది. అల బయటే ఆగిపోతుంది, మట్టం మాత్రం లోపలికి వస్తుంది. నేను ఒంటికీ అదే పని చేశాను. రోజూ నిద్రలేచాక ఒకే వేళకు బరువు చూసి నోటుబుక్కులో రాస్తాను, కానీ ఆ అంకెను పట్టించుకోను. ఏడు రోజుల సగటు తీసి, దాన్ని పోయిన నెల సగటుతో పోలుస్తాను. "ఆగిపోయింది" అని అందరం ఏడ్చిన ఆ ఏడు వారాల్లో నా సగటు 700 గ్రాములు దిగింది.

అయితే నెమ్మదించడం కూడా నిజమే. మన ఊరి చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎగిసి దూకుతుంది. మట్టం పడే కొద్దీ ఒత్తిడి తగ్గి పారకం సన్నగిల్లుతుంది. తూము ఎవరూ మూయలేదు, దాని స్వభావమే అంత. ఒళ్లూ అంతే, తేలికయ్యే కొద్దీ దానికయ్యే ఖర్చు తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ఈ లెక్క వేసి చూపించింది. తిండిలో రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి తగ్గేది ఒక కిలో. అందులో సగం తగ్గడానికి ఏడాది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు. మామూలు భాగహారం ప్రకారం రోజుకు 300 తగ్గిస్తే ఏడాదికి 14 కిలోలు పోవాలి. ఈ లెక్కన ఆరే. మేమంతా ఆ భాగహారాన్ని నమ్ముకునే బయలుదేరాం. సిలబస్ మూడేళ్లదైతే రెండో నెలలోనే ఫలితాలు చూసుకున్నాం.

"ఈ వయసులో మెటబాలిజం పడిపోతుందిరా" అనేవాళ్లకు ఒక మాట. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం ఆరువేల మందికి పైగా కొలతలు ప్రచురించింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి మా బ్యాచ్‌కు ఇంకో ఏడేళ్లు ఈ సాకు చెల్లదు. మాస్టార్లకు చెల్లుతుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఇంట్లో అందరికీ చెప్పేవాళ్లున్నారు. నడక మాత్రం మనం అనుకున్నంత ఖర్చు చెయ్యదు. గంట నడిస్తే 300 కేలరీలు దాటడం కష్టం. పెద్ద చెంచా నూనెలో 120 ఉంటాయి, వేపుడులో అలాంటివి ఎన్ని పడతాయో వంటింట్లో అడగండి. మా వాడొకడు వరి మానేసి కొర్రన్నం మొదలుపెట్టాడు. మంచిదే, కానీ "ఆరోగ్యం కదా" అని రెండింతలు తింటున్నాడు. కొర్రల్లోనూ వరితో ఇంచుమించు సమానంగానే కేలరీలుంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లెంలో ధాన్యాలన్నీ కలిపి, వండకముందు 250 గ్రాములే. మన పళ్లేల్లో అది మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. కట్టినప్పుడు ఆ మట్టానికి 408 టీఎంసీల నీరు పట్టేది. ఇప్పుడు అదే 590 అడుగులకు పట్టేది 312. గేజి అబద్ధం చెప్పడం లేదు, అడుగున పూడిక చేరింది. మట్టం ఒకటే, లోపల ఉన్నది వేరు. ఒంటి బరువూ అలాంటి గేజే. కండ తగ్గి కొవ్వు చేరినా అంకె అదే చూపిస్తుంది. కొవ్వు తగ్గి కండ నిలిచినా అదే అంకె. 2004లో లాన్సెట్‌లో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2. సన్నగా కనిపించే భారతీయుడి పూడిక అది. అందుకే మనకు నడుము కొలత ముఖ్యం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు.

మానేసిన మిత్రులకు నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు బోర్డర్లో ఉన్న 531 మందిని మూడేళ్ల దాకా గమనించింది. 2006లో ఫలితాలు వచ్చాయి. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి. వీళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! కాటా కదలకుండానే రోగం వెనకబడింది. మన నలుగురు మిత్రులు కాటాను చూసి మానేసింది సరిగ్గా ఈ లాభాన్నే.

నా లెక్క కూడా చెబుతాను. 86 కిలోలు 81.5 అయ్యాయి. నడుము 103 సెంటీమీటర్ల నుంచి 96కి వచ్చింది. హెచ్‌బీఏ1సీ 6.3 నుంచి 5.8. నడక ఒక్కటే కాదు, వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకు తోపులు, నీళ్ల బిందెలు మోయడం. సాగర్‌లో పూడిక తియ్యాలంటే ప్రభుత్వాల వల్లే కావడం లేదు, ఒంట్లో ఆ సౌకర్యం ఉంది.

ఒక్క హెచ్చరిక. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి. థైరాయిడ్ తగ్గినా పెరుగుతుంది. సొంతంగా మందులు మానకండి, డాక్టరును అడగండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోతుంటే మాత్రం సంతోషించకండి, వెంటనే చూపించుకోండి.

రేపు పొద్దున అయిదున్నరకు మన స్కూలు గ్రౌండులో తొమ్మిది మందిమీ ఉంటాం. కాటా తేవడం లేదు. భోజనాల దగ్గర మాత్రం టేపు పట్టుకుని నిలబడతాను. తినకముందే రండి.