పాఠ్యపుస్తకం నుంచి సాహిత్యం దాకా: ఇంగ్లిష్ తరగతిలో ఒక నవల, ఒక గేయకథ



ఈ రాజమహేంద్రవరంలో తరతరాల పిల్లలకు ఇంగ్లిష్ పాఠం చెప్పిన మాస్టారి స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక్కటే. ఏడాదికి కొన్ని పద్యాలు, ఒక నవల తీసుకుని పిల్లల చేత చదివించడం. అందుకే నేను కూడా ఆ పని చరిత్రనే విషయంగా ఎంచుకున్నాను. ఇంగ్లిష్ తరగతిలో పద్యాలూ నవలా చదవడమన్నది మన దగ్గరికి ఎలా వచ్చింది? దానితో మనవాళ్లు ఏం చేశారు? ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

1813 చార్టర్ చట్టం ఈ దేశంలో విద్య కోసం ఏటా లక్ష రూపాయలు ఖర్చు పెట్టాలని ఈస్టిండియా కంపెనీని ఆదేశించింది. ఆ డబ్బు సంస్కృతం, అరబ్బీ చదువులకు పోవాలా, ఇంగ్లిష్ చదువుకు పోవాలా అని ఇరవై ఏళ్లకు పైగా వాదన నడిచింది. 1835 ఫిబ్రవరి 2న మెకాలే రాసిన పత్రం, ఆ మరుసటి నెలలో బెంటింక్ ఇచ్చిన ఉత్తర్వు ఆ వాదనను ఇంగ్లిష్ వైపు తేల్చాయి. మెకాలే పత్రంలో మన సాహిత్యం పట్ల ఉన్న తృణీకారం అందరికీ తెలిసిందే. దానికి కారణం అజ్ఞానం. ఈ మాట చెప్పడానికి మనం మొహమాటపడనక్కర్లేదు.

అప్పటికి ఇంగ్లండ్‌లో మాత్రం ఇంగ్లిష్ సాహిత్యం కాలేజీ చదువుగా స్థిరపడిందా అంటే, లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో గ్రీకు, లాటిన్లదే రాజ్యం. లండన్‌లో కొత్తగా వెలసిన యూనివర్సిటీ కాలేజీ 1828లో ఒక ఇంగ్లిష్ ఆచార్యుణ్ణి నియమించింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ ప్రత్యేక పట్టా విషయం కావడానికి 1894 దాకా ఆగాలి. కేంబ్రిడ్జ్‌లో అది 1917 మాట. కలకత్తాలో అయితే 1840 నాటికే, చాసర్ మొదలు సమకాలీనుల దాకా బ్రిటిష్ కవుల పద్యాలను కాలేజీ విద్యార్థుల కోసం డి.ఎల్. రిచర్డ్‌సన్ ఒక పెద్ద సంపుటంగా కూర్చాడు. ఇంగ్లిష్ సాహిత్యాన్ని తరగతి గది విషయంగా రూపొందించే పని ఆ దేశం కన్నా ముందు ఈ దేశంలో సాగిందని గౌరీ విశ్వనాథన్ 1989లో తన పరిశోధన గ్రంథంలో నిరూపించారు. పాలకులు దీన్ని పాలనకు పనికొచ్చే సాధనంగా తలచారన్నదీ ఆమె వాదనే. ఆ వాదనలో బలముంది. అయితే పాలకుల ఉద్దేశం ఒకటి, చదివిన పిల్లవాడి మనసులో జరిగింది మరొకటి. నేటి నా ఉపన్యాసమంతా ఆ రెండో దాని గురించే.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు జిల్లాల పిల్లవాడు మెట్రిక్యులేషన్ దాటాలంటే ఇంగ్లిష్ తప్పనిసరి. పరీక్ష వచ్చాక చదువు తీరు పరీక్షను బట్టి మారింది. ఈ పంక్తులు ఎక్కడివి, సందర్భమేమిటి, అర్థం రాయండి. నూటయాభై ఏళ్లుగా మనకు అలవాటైన ప్రశ్నలివి. మన పాత బడిలోనూ పద్యం కంఠస్థం చేసేవారు. అయితే దాని వెంట అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం వరసగా వచ్చేవి. గురువు విడమరిచి చెప్పేదాకా పద్యం పూర్తయినట్టు కాదు. కొత్త బడిలో పంక్తి నోటికి వచ్చింది కానీ, అన్వయం చాలాచోట్ల నోట్స్‌కే పరిమితమైంది.

ఈ లోపాన్ని అందరికన్నా సూటిగా చూపించినవారు గురజాడ అప్పారావుగారు. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకులుగా పనిచేసిన మనిషి. 'సారంగధర' కథను ఇంగ్లిష్ పద్యకావ్యంగా రాసి 1883లో ప్రచురించారు. దాన్ని చదివి మెచ్చుకున్న కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, సొంత భాషలో రాయమని ఆయనకు సలహా ఇచ్చాడు. 'కన్యాశుల్కం'లో వెంకటేశం తల్లి, కొడుకూ గురువూ ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటుంటే వినాలని ముచ్చటపడుతుంది. గిరీశమూ వెంకటేశమూ బడిపుస్తకాల్లోని పద్యపంక్తులను, వాచకంలోని వాక్యాలను సంభాషణలాగా ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఒక అధ్యాపకుడి బాధ ఉంది. పద్యం నోటికి వచ్చి, అందులోని మనిషి మాత్రం మనసుకు రాకపోతే ఆ చదువుకు అర్థమేమిటని ఆ సన్నివేశం నిలదీస్తుంది.

ఇక అదే చదువు ఫలించిన తీరు చూద్దాం. దానికి ఒక్క పుస్తకం చాలు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అద్దె కట్టలేక గోల్డ్‌స్మిత్ అరెస్టయ్యే స్థితిలో ఉంటే, శామ్యూల్ జాన్సన్ వెళ్లి ఆ రాతప్రతిని అరవై పౌన్లకు అమ్మిపెట్టాడని బాస్వెల్ రాశాడు. కథ చిన్నది. ప్రిమ్‌రోజ్ అనే పల్లెటూరి మతాచార్యుడు డబ్బు దాచుకున్న వర్తకుడు దివాలా తీయడంతో ఆస్తి పోగొట్టుకుంటాడు. కుటుంబంతో మరో ఊరు చేరతాడు. అక్కడి జమీందారు ఆయన కూతుర్ని మోసగిస్తాడు. ఇల్లు కాలిపోతుంది. ఆయన జైలుపాలవుతాడు. బర్చెల్ అనే పేరుతో మామూలు మనిషిలా తిరుగుతున్న ఒక ప్రభువు చివరికి అన్నీ చక్కదిద్దుతాడు. పుస్తకం పొట్టిది, భాష తేట, నీతి స్పష్టం. బళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఇంగ్లండ్‌లోనూ ఇక్కడా పందొమ్మిదో శతాబ్దమంతా అది పిల్లల చేతుల్లో నలిగింది.

ఈ రాజమహేంద్రవరంలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. అది తృప్తినివ్వక విడిచిపెట్టి, సొంతంగా కథ అల్లినట్టు ఆయనే చెప్పుకున్నారు. అలా పుట్టిన 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో ధారావాహికగా వచ్చింది. 1880లో పుస్తకమైంది. 1887లో హచిన్సన్ చేసిన ఇంగ్లిష్ అనువాదం లండన్‌లో వెలువడింది. బడిపుస్తకంగా ఇంగ్లండ్ నుంచి వచ్చిన కథ ధవళేశ్వరం మనుషుల కథగా మారి తిరిగి ఇంగ్లండ్‌కు వెళ్లింది.

ఆ మార్పు ఎక్కడెక్కడ జరిగిందో చూడండి. గోల్డ్‌స్మిత్ కథలో ఆస్తి పోవడానికి వర్తకుడి దివాలా కారణం. పంతులుగారు ఆ కారణాన్ని తీసి పక్కన పెట్టారు. మన పక్కనే ఉన్న ధవళేశ్వరంలో కలిగిన గృహస్థు ఎలా చెడిపోతాడని తనను తాను అడిగారు. ముఖస్తుతి చేసే చుట్టాలు, జ్యోతిషాలు, భూతవైద్యాలు, బంగారం చేసి ఇస్తానన్న బైరాగి. రాజశేఖరుడి ఇల్లు గుల్లయింది వీటివల్ల. మారువేషంలో తిరిగి చివరికి న్యాయం చేసే ప్రభువు ఇందులోనూ ఉన్నాడు, పెద్దాపురం ప్రభువుగా. కూతురి కష్టం కూడా ఉంది. అయితే ఆ కష్టం మన ఇళ్లలో వైధవ్యం పేరుతో ఆడపిల్ల మీద పడే కష్టంగా మారింది. కథ చట్రం గోల్డ్‌స్మిత్‌ది. అందులో పెట్టిన ప్రశ్నలన్నీ పంతులుగారివి.

ఇది అనుకరణేనని కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు గట్టిగా విమర్శించారు. ఆ విమర్శను కొట్టిపారేయకూడదు. పోలికలు నిజమే. అంతకుముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారి 'శ్రీరంగరాజ చరిత్ర' వచ్చిన మాటా నిజమే. తొలి నవల ఏదన్న వాదన విమర్శకులు చేసుకోనీ. నాకు కావలసింది ఒక అధ్యాపకుడిగా గమనించవలసిన విషయం. పంతులుగారు ఆ నవలను పరీక్ష పాఠంగా చదివి ఊరుకోలేదు. ఈ కథ నా ఊళ్లో జరిగితే ఎలా ఉంటుంది అనే ఒకే ఒక్క ప్రశ్నతో చదివారు. ఆ ప్రశ్న వేసుకున్న క్షణం నుంచి పుస్తకం ఆయనదైంది.

ఇప్పుడు పద్యం సంగతికి వస్తాను. అదే 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఎనిమిదో అధ్యాయంలో బర్చెల్ ఒక గేయకథ వినిపిస్తాడు. దానికి 'హెర్మిట్' అని పేరు. అడవిలో దారి తప్పిన బాటసారికి ఒక సన్యాసి తన గుడిసెలో ఆశ్రయమిస్తాడు. ఆ బాటసారి మగవేషంలో ఉన్న యువతి. తన నిర్లక్ష్యం వల్ల దూరమై చనిపోయాడనుకున్న ప్రియుడి కోసం ఆమె కుమిలిపోతోంది. ఆ సన్యాసే ఆ ప్రియుడు. ఈ గేయకథ ఆధారంగా రాయప్రోలు సుబ్బారావుగారు 1909లో 'లలిత' రాశారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. తర్వాత టెన్నిసన్ 'డోరా' ఆధారంగా 'అనుమతి' వచ్చింది. భావకవిత్వానికి నాంది పలికిన కవి తొలి అడుగు 'లలిత'. ఆ తర్వాతి కాలంలో ఆయనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు.

ఒక్కసారి ఆలోచించండి. ఒకే పుస్తకం. అందులోని కథ మనకు నవలకు దారి చూపింది. అందులోని పద్యం కొత్త కవిత్వానికి దారి చూపింది. ముప్పై ఏళ్ల ఎడంతో ఇద్దరు తెలుగు పాఠకులు ఒకే పుస్తకంలో వేరువేరు తలుపులు తీశారు. పుస్తకం గొప్పదే. చదివిన తీరు అంతకన్నా గొప్పది.

నవల పక్కన బడిలో నిలిచిన పద్యసంపుటం 1861లో పాల్‌గ్రేవ్ కూర్చిన 'గోల్డెన్ ట్రెజరీ'. ఎంపికలో టెన్నిసన్ సలహా ఉంది. బతికున్న కవులకు అందులో చోటు లేదు. వర్డ్స్‌వర్త్‌కు పెద్ద పీట, షెల్లీ, కీట్స్‌లకు ఆదరం. డన్, బ్లేక్ మొదటి కూర్పులో కనిపించరు. ఒక సంకలనకర్త అభిరుచి కొన్ని తరాల అభిరుచిని ఎలా తీర్చిదిద్దుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మనవాళ్లకు షెల్లీ అంత దగ్గరి చుట్టం కావడానికీ, డన్ చాలాకాలం అపరిచితుడిగా ఉండడానికీ ఇలాంటి సంకలనాలు ఒక కారణమని నా నమ్మకం. పాఠం ఎంచేవారి చేతిలో ఎంత బరువు ఉందో పాఠ్యప్రణాళిక సంఘాల్లో కూర్చునేవారు గుర్తుంచుకోవాలి.

అయితే పుస్తకం ఒక్కటే చాలదు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉంటూ ఇంగ్లిష్ పాఠం చెప్పేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాల విద్యార్థి. బ్రహ్మసమాజ భావాలు, ఇంగ్లిష్ కాల్పనిక కవిత్వం, నాయుడుగారి వ్యక్తిత్వం కలిసి పనిచేసిన వాతావరణం అది. 1925 నాటి 'కృష్ణపక్షం' వెనక ఆ తరగతి గది నీడ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డిగారిది ఇంకో దారి. కేంబ్రిడ్జ్‌లో చదివొచ్చి, అక్కడ అలవడిన ప్రశ్నలను మన పింగళి సూరన మీదికి తిప్పారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువడింది. పరాయి సాహిత్యం చదివి సొంత సాహిత్యాన్ని కొత్తగా చూడడం అంటే అదే.

పరీక్ష చదువులో లోటు ఇంగ్లండ్‌లోనూ తెలియవచ్చింది. కేంబ్రిడ్జ్‌లో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు చెప్పకుండా పద్యాలిచ్చి, మీకేమనిపించిందో రాయమని విద్యార్థులను అడిగాడు. పేరు చూసి మెచ్చుకోవడం అలవాటైనవారు పేరు లేని పద్యం ముందు తడబడ్డారు. మంచి పద్యాలను తోసేశారు, నాసిరకం వాటిని పొగిడారు. ఆ ఫలితాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలకే అలా అయితే, భాషతోనే కుస్తీ పడుతున్న మన పిల్లవాణ్ణి ఏమనగలం?

ఆ కుస్తీని గుర్తించి ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, పరిమితమైన మాటలతో సులభ వాచకాలు తయారుచేశాడు. ఆ ఆలోచన మంచిది, అవసరమైనది. 1958లో హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం కేంద్ర సంస్థ వెలిసింది. అదే నేటి ఇఫ్లూ. భాషా నైపుణ్యాల మీద దృష్టి పెరిగింది. మన కాలేజీల్లో పద్యాలు డిటైల్డ్ టెక్స్ట్ అయ్యాయి, నవల నాన్ డిటైల్డ్ అయింది. నవల సంక్షిప్తమైంది. సంక్షిప్తానికి గైడు వచ్చింది. గైడుకు ముఖ్యమైన ప్రశ్నల జాబితా వచ్చింది. ఇవాళ చాలామంది విద్యార్థులు నవల చదవకుండానే నవల మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టను. మనం అడిగే ప్రశ్నలు అలా ఉన్నాయి. చదవకుండా జవాబు రాయగలిగే ప్రశ్న అడిగినంత కాలం చదవని విద్యార్థే తయారవుతాడు.

సాహిత్యం ఎందుకు, ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లిష్ నేర్పితే చాలదా అని అడిగేవారు ఉన్నారు. ఉద్యోగానికి ఇంగ్లిష్ కావాలి, నేర్పాల్సిందే. కానీ ఎదుటి మనిషి కష్టాన్ని అతని వైపు నుంచి చూడడం, పుస్తకం తెరిచి సొంత ఊరిని ప్రశ్నించడం సాహిత్యం వల్లనే ఈ నేలమీద జరిగాయి. పంతులుగారి నవల దానికి సాక్ష్యం.

కాబట్టి తోటి అధ్యాపకులకు నా విన్నపాలు ఇవి. ఏడాదికి ఒక్క నవలే అయినా, చిన్నదే అయినా, మొత్తం చదివించండి. పద్యాన్ని తరగతిలో బిగ్గరగా, ఒకటికి రెండుసార్లు చదివి, ఆ తర్వాతే అర్థం చెప్పండి. పిల్లలను తెలుగులో చర్చించనివ్వండి. ఆలోచన తెలుగులో తేలికగా నడుస్తుంది, జవాబు ఇంగ్లిష్‌లో తర్వాత రాస్తారు. 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' పక్కన 'రాజశేఖర చరిత్రము', 'హెర్మిట్' పక్కన 'లలిత' పెట్టి చదివించండి. ఈ కథ మీ ఊళ్లో జరిగితే ఎలా ఉంటుందని ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న అడగండి. ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు. విద్యార్థులారా, పరీక్ష అయ్యాక ఆ పుస్తకాన్ని అమ్మేయకండి, ఇంకొక్కసారి మీ కోసం చదవండి. ఈ సభకు కారకులైన మాస్టారికి మనం చెల్లించగల నివాళి అదే.