కెరటానికి కట్టుగొయ్య



తెనాలిలో రైలెక్కితే ఒక దారి బాపట్లకు, ఒక దారి రేపల్లెకు. రెండూ సముద్రం వైపే! బాపట్ల దగ్గర సూర్యలంకలో పిల్లల చెయ్యి పట్టుకుని కెరటాల్లో నిలబడే ఉంటారు. అల వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుక లాగేస్తుంటే, "అమ్మో, ఎంత బలం!" అనిపిస్తుంది కదూ? ఆ బలంతో కరెంటు తీయాలని శాస్త్రజ్ఞుల ప్రయత్నం.

2022 నవంబరులో మద్రాసు ఐ.ఐ.టి. వారు తమిళనాట తూత్తుకుడి దగ్గర, ఒడ్డుకు సుమారు 6 కిలోమీటర్ల దూరాన, 20 మీటర్ల లోతు నీటిలో 'సింధుజ-1' అనే యంత్రాన్ని దించారు. నడుమ రంధ్రమున్న పెద్ద బుంగ నీటిమీద తేలుతోందనుకోండి. ఆ రంధ్రంలోంచి నిలువునా ఓ పొడుగాటి స్తంభం. కెరటానికి బుంగ పైకీ కిందికీ ఆడుతుంది. స్తంభం అంతగా కదలదు. ఆ తేడాలోంచే కరెంటు. అప్పుడు పుట్టింది 100 వాట్లు, అంటే పాతకాలపు బల్బు ఒక్కటి వెలిగేటంత. ఇంతేనా అని నవ్వకండి. అది కొట్టుకుపోకుండా పట్టి ఉంచింది లంగరు గొలుసు. అసలు పరీక్ష దానికే.

దూడను కట్టేటప్పుడు పలుపు మరీ బిగిస్తే మెడకు ఉరి, మరీ వదిలేస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది. రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్ళి చూడండి, పడవ మోకులో కాస్త వదులుంచుతారు. పోటుకు పడవ లేవాలి, ఆటుకు దిగాలి మరి! అయితే కట్టేసిన పడవకు విశ్రాంతి ఉంటుంది, ఈ యంత్రానికి ఉండదు. ప్రతి అలకూ ఆడితేనే దానికి పని.

అందుకని ముందు చిన్న నమూనాను తొట్టిలో, యంత్రంతో పుట్టించిన అలల్లో పరీక్షిస్తారు. కాని తొట్టిలో గొలుసును తినే ఉప్పు తుప్పు ఉండదు, బరువెక్కించే నాచూ గుల్లలూ ఉండవు, అడుగున ఇసుక ఒరిపిడీ ఉండదు. కనుక నెలల తరబడి సముద్రంలోనే ఉంచి, గొలుసు మీద పడే లాగుడును పరికరాలతో కొలవాలి.

ఆపైన తుఫాను సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెనను మన ప్రాంతం మరిచిపోగలదా? అటువంటి రోజున గొలుసు తెగితే యంత్రం పోవడంతో సరిపోదు. అది కొట్టుకొచ్చి వలల్లో చిక్కుకోవచ్చు, పడవను గుద్దుకోవచ్చు. ఆ పడవ కోసం ఒడ్డున ఎదురుచూసేది మనలాంటి ఇల్లాలే కదమ్మా!

కాబట్టి రేపెప్పుడైనా మన తీరానికీ ఇలాంటి యంత్రం వస్తుందని పేపర్లో చదివితే, ఎన్ని వాట్లు అని అడగడానికి ముందు, "లంగరు ఎన్ని తుఫానులకు ఆగింది?" అని అడగండి.

సెలవు.