త్రాగుడు మానదలచినవారికి తోడు



త్రాగుడు మానుమని బోధించువారికి మన జుక్కల్ ప్రాంతమున కొఱతలేదు. మానదలచినవాని చెంత కూర్చుండువారే అరుదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున, త్రాగుడునకు లోబడిన బిల్ విల్సన్, వైద్యుడు బాబ్ స్మిత్ అను ఇరువురు తమ కష్టము నొకరికొకరు చెప్పుకొని నిలద్రొక్కుకొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజ మట్లు పుట్టినది. అందు చేరుటకు రుసుము లేదు, కులమడుగరు, మానవలెనను కోరిక యొక్కటియే చాలును.

అయితే చిరకాలము త్రాగినవాడు, మత్తుమందు కలిపిన కల్తీకల్లునకు అలవడినవాడు ఒక్కుమ్మడి మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. గావున మొదట వైద్యునికడకు గొనిపోవలెను. 14446 అను ఉచిత ఫోను సంఖ్య నడిగినచో చికిత్సాకేంద్రముల వివరము తెలియును. సమావేశములనుగూర్చి అచ్చటనే విచారింపవచ్చును.

సమావేశస్థలము దూరమైనచో నిరాశ వలదు. ఫోనుద్వారా జరుగు సమావేశములును గలవు. ఊరిలో ఇద్దరు కలిసి కూర్చున్నను అది సమావేశమే. మన సంఘము వారికొక గది చూపి, తాను తలుపు వెలుపలనే నిలువవలెను. ఏ కులమువాడు వచ్చినను కాదనరాదు. లోపలి మాట పంచాయతీకి గాని, పెండ్లి సంబంధములకు గాని పొక్కరాదు. పరువునకై దాచి బిడ్డలను పోగొట్టుకొనుటకంటె ఇది మేలని మేము సవినయముగా విన్నవించుచున్నాము.